పీఈసెట్ దరఖాస్తు: బీపీఈడీ, డీపీఈడీలో చేరాలంటే ఏం చేయాలి?

ఆటలంటే ప్రాణం పెట్టే పిల్లలకు మన దగ్గర ఉన్న స్థిరమైన దారుల్లో వ్యాయామ ఉపాధ్యాయ వృత్తి ఒకటి. తెలంగాణలో ఆ చదువులో, అంటే డిప్లొమా అయిన డీపీఈడీలోనో డిగ్రీ తర్వాత చేసే బీపీఈడీలోనో చేరాలంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్షలో ర్యాంకు రావాలి. దీన్ని ఏటా రాష్ట్ర ఉన్నత విద్యామండలి తరఫున ఒక యూనివర్సిటీ నిర్వహిస్తుంది. 2025లో ఆ బాధ్యత పాలమూరు యూనివర్సిటీది. ఇందులో రాతపరీక్ష ఉండదు. పరీక్ష అంతా మైదానంలోనే జరుగుతుంది. అందుకే దరఖాస్తు నింపడం మొదలుపెట్టే రోజుకే ఒంట్లో సత్తువ, చేతిలో సర్టిఫికెట్లు సిద్ధంగా ఉండాలి.

ముందుగా తేల్చుకోవాల్సింది ఏ కోర్సు అన్నది. రెండూ రెండేళ్ల కోర్సులే. డీపీఈడీకి ఇంటర్ పాసై, ఆ ఏడాది జులై 1 నాటికి 16 ఏళ్లు నిండాలి. బీపీఈడీకి డిగ్రీ ఉండాలి, 19 ఏళ్లు నిండాలి. చివరి సంవత్సరం పరీక్షలు రాసినవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. గరిష్ఠ వయసు లేదు. టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీలో డీపీఈడీ వాళ్లకు పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయ) పోస్టులు, బీపీఈడీ వాళ్లకు స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఉంటాయి. ఇంటర్ కాగానే తొందరపడి డీపీఈడీలో చేరేకంటే, ఇంట్లో వీలుంటే డిగ్రీ చేసి బీపీఈడీకి రావడమే మేలని నా అభిప్రాయం. తర్వాత ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ), జూనియర్ కాలేజీలు, డిగ్రీ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్ ఉద్యోగాల దాకా ఆ దారి సాగుతుంది.

నోటిఫికేషన్ వచ్చాక పీఈసెట్ డాట్ టీజీసీహెచ్ఈ డాట్ ఏసీ డాట్ ఇన్ సైట్‌లోకి వెళ్లాలి. మొదట ఫీజు కట్టాలి. 2025లో ఎస్సీ, ఎస్టీలకు 500 రూపాయలు, మిగతావాళ్లకు 900 రూపాయలు. డబ్బు కట్టిన రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకున్నాకే ఫారం తెరవండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అలాగే ఉండాలి. ఆధార్‌లో స్పెల్లింగ్ వేరుగా ఉందని టెన్షన్ పడి మెమోను పక్కన పెట్టొద్దు. మొబైల్ నంబరు మీదే ఇవ్వండి. నెట్ సెంటర్‌లో నింపిస్తే అక్కడివాళ్లు తమ నంబరు వేసేస్తుంటారు, తర్వాత కౌన్సెలింగ్ మెసేజ్‌లు మీకు చేరవు. గడువు దాటితే లేట్ ఫీజు పడుతుంది. రోజులు గడిచేకొద్దీ అదీ పెరుగుతుంది.

ఫారంలో ఎక్కువసేపు ఆలోచించాల్సింది ఆట ఎంపిక దగ్గర. పరీక్ష మొత్తం 500 మార్కులకు. అందులో 400 దేహదారుఢ్య పరీక్షవి: 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్, మగపిల్లలకు 800 మీటర్లు, ఆడపిల్లలకు 400 మీటర్లు, ఆపైన లాంగ్‌జంప్ లేదా హైజంప్. మిగతా 100 మార్కులు మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, హ్యాండ్‌బాల్, క్రికెట్ లాంటి జాబితా ఇస్తారు. ఊళ్లో అందరూ ఆడతారని క్రికెట్ టిక్ పెట్టడం కాదు, ఎగ్జామినర్ ముందు ఒంటరిగా చేసి చూపించగలిగిన ఆటను పెట్టండి. స్కూల్లో పీఈటీ సారు వాలీబాల్ నేర్పి ఉంటే ఆ పునాదినే నమ్ముకోండి. అలాగే 800 మీటర్లు ఒక నెలలో వచ్చే పని కాదు. దరఖాస్తుల సమయానికి పరుగు మొదలుపెట్టి ఉంటేనే పరీక్ష నాటికి ఊపిరి నిలుస్తుంది.

క్రీడా సర్టిఫికెట్లకు వెయిటేజీ ఉంది. ఏ స్థాయి పోటీకి ఎంత, ఏ నమూనా ఫారంలో ఎవరి సంతకం ఉండాలి అన్నది సమాచార బుక్‌లెట్‌లో ఇస్తారు. అప్పట్లో పోటీలు నడిపిన క్రీడా సంఘాల సంతకం కోసం చివరి వారంలో జిల్లా కేంద్రాలు తిరగడం చాలా కష్టం. ఫారాలు నోటిఫికేషన్ రాగానే ప్రింట్ తీసి సంతకాలు చేయించుకోవాలి. జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడిన పల్లెటూరి పిల్లలు ఎంతోమంది కేవలం కాగితం లేక ఆ వెయిటేజీ పోగొట్టుకుంటున్నారు. ఇది ఎంత మాత్రం జరగకూడదు.

దరఖాస్తు సబ్మిట్ చేశాక ప్రింట్ దాచుకోండి. హాల్‌టికెట్‌లో ఇచ్చిన తేదీకి, స్లాట్‌కు మైదానానికి చేరాలి. డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వెంట ఉండాలి. గర్భిణులను ఈ పరీక్షలకు అనుమతించరు.

ర్యాంకులు వచ్చాక కౌన్సెలింగ్‌కు వేరుగా రిజిస్టర్ కావాలి. ఒరిజినల్ మెమోలు, టీసీ, కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు చూపించి, కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. కాలేజీ ఎంచుకునేముందు దానికి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి) గుర్తింపు ఉందో లేదో చూడండి. గుర్తింపు లేని చోట చదివిన బీపీఈడీ టీచరు ఉద్యోగానికి పనికిరాదు. వ్యాయామ విద్యలోనే బీపీఈఎస్ అనే మూడేళ్ల డిగ్రీ విషయంలోనూ జాగ్రత్త. అది మంచి చదువే, కానీ బడిలో టీచరు కావాలంటే దాని తర్వాత బీపీఈడీ చేయాల్సిందే.

బడి ఉద్యోగం కాకుండా శరీరం ఎలా పనిచేస్తుంది, అలసట ఎందుకొస్తుంది, గాయం ఎలా మానుతుంది అన్నవి తెలుసుకోవాలనే ఆసక్తి ఉంటే ఎక్సర్‌సైజ్ సైన్స్, స్పోర్ట్స్ సైన్స్ కోర్సులున్నాయి. చెన్నైలోని శ్రీ రామచంద్ర, కర్ణాటకలోని మణిపాల్ సంస్థలు ఇవి నడుపుతున్నాయి. వీటికి పీఈసెట్‌తో సంబంధం లేదు, వాళ్లవే ప్రవేశ ప్రక్రియలు. జట్లకు, అకాడమీలకు కండిషనింగ్ కోచ్‌గా, అంటే ఆటగాళ్ల ఫిట్‌నెస్ చూసే కోచ్‌గా వెళ్లాలనుకునేవారికి ఇదే సరైన దారి. ఏదైనా ఆట నేర్పే కోచ్ కావాలంటే పటియాలాలోని ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా ఉంది. ఎంపీఈడీ చేసి లెక్చరర్ అవ్వాలనుకునేవారు లెక్చరర్ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో ఫిజికల్ ఎడ్యుకేషన్ సబ్జెక్టు కోడ్ 47 ఎంచుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ పిల్లలకు ఏపీ పీఈసెట్ వేరుగా ఉంటుంది. దాని దరఖాస్తు ఏపీ ఉన్నత విద్యామండలి సెట్స్ సైట్‌లో చేయాలి. తేదీలు, ఫీజులు ఆ నోటిఫికేషన్‌లోవే పాటించాలి.