వెల్డింగ్ రికార్డుల సాఫ్ట్‌వేర్ కొనాలా, రాయించుకోవాలా? సమస్య - పరిష్కారం

పైపులను కోసి, వెల్డ్ చేసి తయారుచేసే పైపింగ్ ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డింగ్ రికార్డులు గాడి తప్పినప్పుడు, రెడీమేడ్ ప్యాకేజీ కొన్నవారు సొంతంగా రాయించుకుందామని, రాయించుకున్నవారు ప్యాకేజీ కొందామని అంటారు. ఆ నిర్ణయానికి ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. రెండుసార్లు రిపేరైన ఒక జాయింట్‌ను (వెల్డ్ చేసిన అతుకును) ఎంచుకుని, ఐసోమెట్రిక్ డ్రాయింగ్ (పైపులైను మలుపులు, జాయింట్లు చూపే పటం) మొదలు చివరి రేడియోగ్రఫీ (ఎక్స్‌రేలా ఫిల్మ్ తీసి వెల్డ్ లోపలి లోపాలు చూసే పరీక్ష) రిపోర్టు వరకు దానికి జరిగినదంతా మీ కాగితాలతోనే చెప్పగలరేమో చూడండి. కాగితాల్లోనే తెగిపోయిన గొలుసును ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు. గంటలో తేలే ఈ పని చేయకుండానే కొటేషన్లు తెప్పించుకునేవారిని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

సమస్య: వెల్డర్ అర్హత గడువు హెచ్చరికలు తప్పుగా వస్తున్నాయి.

కారణం సాధారణంగా ఏ కోడ్ ప్రకారం లెక్కించాలో సెట్ చేయకపోవడమే. అమెరికన్ కోడ్ ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం ఒక ప్రాసెస్‌లో (వెల్డింగ్ పద్ధతిలో) 6 నెలలపాటు వెల్డింగ్ చేయని వెల్డర్‌కు ఆ ప్రాసెస్ వరకు అర్హత పోతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9606-1 ప్రకారమైతే 6 నెలలకోసారి బాధ్యుడైన వ్యక్తి సంతకంతో ధ్రువీకరించాలి; ఆపైన 3 ఏళ్లకోసారి తిరిగి పరీక్ష పెట్టడం వంటి పునరుద్ధరణ పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఒకదానికి అమర్చిన లెక్క రెండోదానికి పనికిరాదు. సెట్టింగ్ సరిగానే ఉంటే రోజువారీ నమోదు చూడండి: రూట్ (అడుగు పొర) టిగ్ ప్రాసెస్‌తో, మిగతా పాస్‌లు (పై పొరలు) ఎలక్ట్రోడ్‌తో వేసిన జాయింట్‌కు ఒక్క ప్రాసెస్ మాత్రమే రాస్తే, రెండో ప్రాసెస్‌కు గడువు తీరినట్టు చూపుతుంది. రెండూ రాస్తే సరిపోతుంది. దీనికోసం కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు.

సమస్య: సాఫ్ట్‌వేర్ చూపే రిజెక్టుల సంఖ్య, రేడియోగ్రఫీ కాంట్రాక్టర్ బిల్లులోని రిపేర్ ఫిల్ముల సంఖ్య కలవడం లేదు.

నన్ను నిజంగా దెబ్బతీసినది ఇదే. పటాన్‌చెరు దగ్గరి ఒక షాపులో పనిచేసిన రోజుల్లో, మా ఎక్సెల్ షీటును చూపించి అచ్చం అలాగే ఉండాలని సాఫ్ట్‌వేర్ రాయించాము. అడిగినట్టే రాసిచ్చారు. ఒక జాయింట్‌కు ఒక వరుస: జాయింట్ నంబర్, వెల్డర్ స్టాంప్ (వెల్డర్ గుర్తింపు నంబర్), తేదీ, ఫిల్మ్ రిపోర్టు, ఫలితం. జాయింట్ రిజెక్టయి, రిపేర్ తర్వాత పాసైతే, మా మనిషి అదే వరుసలో ఫలితం మార్చి, రిపేర్ చేసిన వెల్డర్ స్టాంపును పాతదాని స్థానంలో పెట్టేవాడు. అతని తప్పు ఏమీ లేదు. ఇంకోచోట రాయడానికి గడే లేదు. నెలల తరబడి తెరమీద అన్నీ పాసైనట్టే కనిపించాయి.

పని క్లయింట్‌కు అప్పగించే హ్యాండోవర్ దగ్గర థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ పెనాల్టీ జాయింట్ల జాబితా, అంటే ఒకటి రిజెక్టయినందుకు అదనంగా ఫిల్మ్ తీయవలసిన జాయింట్ల జాబితా అడిగారు. పైపింగ్ కోడ్ ఏఎస్ఎంఈ బి31.3 ప్రకారం శాంపిల్‌గా ఫిల్మ్ తీసిన జాయింట్ రిజెక్టయితే, అదే లాట్‌లో (పరీక్షకు ఒక గుంపుగా తీసుకున్న జాయింట్లలో) అదే వెల్డర్ వేసిన మరో 2 జాయింట్లు తీయాలి. వాటిలో ఏదైనా పోతే పోయిన ప్రతిదానికీ మరో 2. అప్పటికీ పోతే ఆ లాట్ మొత్తాన్ని పరీక్షించి అవసరమైనవాటిని రిపేర్ చేయాలి లేదా మార్చాలి; లేదంటే అన్నింటినీ రిపేర్ చేసి లేదా మార్చి మళ్లీ పరీక్షించాలి. ఈ లెక్క మొదటి వెల్డర్ మీద, మొదటి రిజెక్టు మీద నడుస్తుంది. మా దగ్గర ఆ రెండూ చెరిగిపోయాయి. పాత ఫిల్ముల కవర్లు ఒక్కొక్కటిగా తెరిచి, తేదీలు, స్టాంపులు చూసి చరిత్రను మళ్లీ రాయవలసి వచ్చింది. తీయవలసిన పెనాల్టీ జాయింట్లలో కొన్ని అప్పటికే ఇన్సులేషన్ కిందికి వెళ్లిపోయాయి.

పరిష్కారం: ఒక జాయింట్‌కు ఒక వరుస అన్న పద్ధతి మానాలి. జాయింట్ వివరాలు ఒక పట్టికలోను, దానిపై జరిగిన ప్రతి పనీ, అంటే ఫిటప్ (వెల్డ్‌కు ముందు ముక్కలు జతపరచడం), వెల్డ్, ఫిల్మ్, రిజెక్ట్, ఆర్1 (మొదటి) రిపేర్, మళ్లీ ఫిల్మ్, వేరొక పట్టికలో తేదీ, వెల్డర్, రిపోర్టు నంబర్లతో విడివిడిగాను ఉండాలి. పాత నమోదును దిద్దే వీలుండకూడదు. తప్పు దొర్లితే కారణం రాస్తూ కొత్త నమోదు చేయాలి. మంచి ప్యాకేజీలు ఈ నిర్మాణంతోనే వస్తాయి కనుక, ఇతర కారణం లేని షాపు ప్యాకేజీ కొనడమే మేలని నా అభిప్రాయం. ఎక్సెల్ షీటును నమూనాగా ఇచ్చి రాయించుకుంటే ఆ షీటులోని లోపం కూడా ప్రోగ్రాములోకి వస్తుంది.

సమస్య: డ్రాయింగ్ రివిజన్ మారాక జాయింట్లు రెండేసిసార్లు కనిపిస్తున్నాయి.

కొత్త రివిజన్‌లో జాయింట్లకు మొదటి నుంచి నంబర్లు వేశారు. ఒకసారి ఇచ్చిన నంబర్ మరొకదానికి ఇవ్వకూడదని డ్రాయింగ్ ఆఫీసుతో ఒప్పందం చేసుకోండి.

సమస్య: క్లయింట్ ఫార్మాట్‌లోగాని ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) పత్రాల రూపంలోగాని రిపోర్టు రావడం లేదు.

ఇది రిపోర్టు టెంప్లేట్ పని మాత్రమే. దీనికోసం సాఫ్ట్‌వేర్ మొత్తం రాయించుకోవడం దుబారా.

నెట్ నెమ్మదించడం, బార్‌కోడ్ చదవకపోవడం, తెలుగు అక్షరాలు చెదరడం వంటివి అరుదు; వాటిని మీ కంప్యూటర్ మనిషికి వదిలేయండి.

స్పూల్ (షాపులో వెల్డ్ చేసి సిద్ధంచేసిన పైపు భాగం) కదలిక, స్టోర్స్‌లోని హీట్ నంబర్లు (ఉక్కు ఏ పోతలో తయారైందో చెప్పే నంబర్లు), బిల్లింగ్ అన్నీ ఇప్పటికే మీ సొంత వ్యవస్థలో నడుస్తూ, దాన్ని ఏళ్ల తరబడి చూసుకునే ప్రోగ్రామర్ మీ జీతంమీద ఉన్నప్పుడు మాత్రం రాయించుకోవడం సబబే. అప్పుడు సోర్స్ కోడ్, పట్టికల వివరణ మీ చేతికి ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించండి. కొనేదైనా రాయించేదైనా, డబ్బు కట్టే ముందు, మొదట చెప్పిన రెండు రిపేర్ల జాయింట్‌ను మీ ఎదుటే నమోదు చేయించి, ఎక్సెల్‌లోకి దింపించి, మూడు ఫిల్మ్ రిపోర్టులూ, వెల్డ్ వేసినవారి, రిపేర్ చేసినవారి స్టాంపులన్నీ అందులో ఉన్నాయో లేదో చూడండి.