ఆసుపత్రికీ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఒప్పందం తెగితే: అమెరికాలో రోగి చేసుకోవలసిన పనులు

అమెరికాలో ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ ఉన్న కుటుంబాలకు ఒక్కోసారి ఒకే వారంలో రెండు ఉత్తరాలు అందుతాయి. ఇన్సూరెన్స్ కంపెనీ తమకు న్యాయంగా రావలసినంత చెల్లించడం లేదని ఆసుపత్రి రాస్తుంది. ఆసుపత్రి రేట్లు విపరీతంగా పెంచమంటోందని ఇన్సూరెన్స్ కంపెనీ రాస్తుంది. ఎవరి మాట నిజమో తేల్చే పని రోగిది కాదు, ఆ వాదన చదువుతూ కూర్చుంటే సమయం వృథా అవుతుంది. రెండు ఉత్తరాల్లోనూ ఒక తేదీ ఉంటుంది. ముందుగా దాన్ని కేలెండర్‌లో రాసుకోవాలి. ఉత్తరాన్నీ, అది వచ్చిన కవరునూ కూడా భద్రపరచాలి. కవరు ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఇలాంటి తగవులు చాలావరకు చివరి రోజుల్లో గాని, గడువు దాటిన కొద్ది వారాల్లో గాని సర్దుబాటు అవుతాయి. పిట్స్‌బర్గ్‌లో యూపీఎంసీ ఆసుపత్రులకూ హైమార్క్ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య ఏళ్ల తరబడి సాగిన వివాదం 2019 జూన్ 30తో గడువు తీరబోతుండగా, ఆ నెల 24న పదేళ్ల ఒప్పందంతో ముగిసింది. న్యూయార్క్‌లో మౌంట్ సైనాయ్ ఆసుపత్రుల, యునైటెడ్‌హెల్త్‌కేర్ ఇన్సూరెన్స్ కంపెనీ విషయంలో మాత్రం గడువు దాటిపోయింది. 2024 మార్చి 1 నుంచి ఆ ఆసుపత్రులు నెట్‌వర్క్ (కంపెనీతో ధరల ఒప్పందం ఉన్న ఆసుపత్రుల, డాక్టర్ల జాబితా) బయటికి వెళ్లాయి, మళ్లీ ఒప్పందం కుదిరేసరికి ఆ నెల సగం దాటింది. ఆ మధ్యలో ఆపరేషన్ పడినవారికి అవి కొద్ది వారాలే కావచ్చు గాని చిన్న వారాలు కావు. అందువల్ల ఒప్పందం కుదరదనుకునే మన పని మనం చేసుకోవాలి. కుదిరితే నష్టమేమీ లేదు, ఫోన్‌లో గడిపిన రెండు మూడు గంటలు తప్ప.

అసలు మారేదేమిటి

ఒప్పందం తెగిందంటే ఇన్సూరెన్స్ పోయినట్టు కాదు. ప్రీమియం యథాప్రకారం జీతంలోంచి కోత పడుతూనే ఉంటుంది, కార్డు చెల్లుతూనే ఉంటుంది, మిగతా ఆసుపత్రుల్లో ఏ మార్పూ ఉండదు. తెగిపోయేది ఆ ఒక్క ఆసుపత్రితో ఉన్న ధరల ఒడంబడిక. దాని ప్రభావం ఒక లెక్క వేసి చూస్తే బోధపడుతుంది. ఆసుపత్రి ఒక పరీక్షకు 1,000 డాలర్ల బిల్లు వేసిందనుకుందాం. నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు ఒప్పందం ప్రకారం దాని ధర 400 డాలర్లు. డిడక్టబుల్ (కంపెనీ చెల్లించడం మొదలుపెట్టే ముందు ఏటా మీరు కట్టవలసిన మొత్తం) అప్పటికే తీరిపోయి, మీ వాటా 20 శాతమైతే మీరు కట్టేది 80 డాలర్లు. మిగిలిన 320 కంపెనీ ఇస్తుంది, 400కు పైన ఉన్న 600ను ఆసుపత్రి వదులుకుంటుంది. నెట్‌వర్క్ బయటికి వెళ్లాక కంపెనీ తనకు తోచిన ధర, 300 అనుకుందాం, నిర్ణయించి అందులో 60 శాతం, అంటే 180 డాలర్లు ఇస్తుంది. మిగిలిన 820 డాలర్లనూ ఆసుపత్రి మీ దగ్గర వసూలు చేయవచ్చు. ఇలా అడగకుండా ఆపేది ఆ ఒడంబడికే. పైగా నెట్‌వర్క్ బయట డిడక్టబుల్ చాలా ప్లాన్లలో వేరుగా మొదటి నుంచి లెక్కిస్తారు, మీరు జేబులోంచి కట్టే మొత్తానికి చట్టం విధించిన వార్షిక గరిష్ఠ పరిమితి నెట్‌వర్క్ లోపలి ఖర్చులకే వర్తిస్తుంది. నెట్‌వర్క్‌లోని వైద్యులకే పరిమితమయ్యే హెచ్‌ఎంఓ, ఈపీఓ రకం ప్లాన్లయితే అత్యవసర వైద్యం మినహా నెట్‌వర్క్ బయట సాధారణంగా ఒక్క డాలరు కూడా ఇవ్వవు.

ఒక మాటలో ఉన్న ప్రమాదం

మా ఇంటికి ఆ ఉత్తరం వచ్చిన రోజున నా భార్యకు సరిగ్గా 28 వారాలు నిండాయి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి ఎంతో ఆప్యాయంగా, "కంగారు పడకండి, మేము మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం" అన్నారు. ఆ మాట నమ్మి రెండు వారాలు ఊరుకున్నాము. తరువాత తెలిసిందేమిటంటే, తీసుకోవడం అంటే క్లెయిమ్ కాగితాన్ని కంపెనీకి పంపడం మాత్రమే; కంపెనీ ఎంత ఇస్తుందో, మన మీద ఎంత పడుతుందో ఆ మాటలో లేదు. ఆ ఉద్యోగి అబద్ధం చెప్పలేదు, నేనే తప్పు ప్రశ్న అడిగాను. అడగవలసిన ప్రశ్న ఇది: "ఫలానా తేదీన, నా కార్డు మీద రాసి ఉన్న ఈ ప్లాన్ పేరుకు, ఈ చిరునామాలోని ఆసుపత్రి ఇన్‌నెట్‌వర్క్‌లో ఉంటుందా?" ప్లాన్ పేరు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఒకే కంపెనీకి చెందిన ఒక ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉండి మరొకటి లేకపోవచ్చు.

ఈ ప్రశ్నకు ఆసుపత్రి కంటే ఇన్సూరెన్స్ కంపెనీ చెప్పే జవాబే ముఖ్యం, అది కూడా రాతపూర్వకంగా ఉండాలి. ఫలానా డాక్టర్ నెట్‌వర్క్‌లో ఉన్నారా అని ఫోన్‌లో అడిగితే ఒక పనిదినం లోపల రాతపూర్వకంగా జవాబివ్వాలని 2022 జనవరి 1న అమలులోకి వచ్చిన, అనుకోని బిల్లుల నుంచి రోగులను కాపాడే నో సర్‌ప్రైజెస్ చట్టం చెబుతోంది. కంపెనీ డైరెక్టరీ గాని ఆ జవాబు గాని తప్పయి, దాన్ని నమ్మి మీరు వెళ్లి ఉంటే, నెట్‌వర్క్ లోపల ఎంత కట్టేవారో అంతే కట్టవలసి ఉంటుంది. కనుక డైరెక్టరీ పేజీని తేదీ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోవాలి. ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం, మాట్లాడిన వ్యక్తి పేరు, కాల్ రిఫరెన్స్ నంబరు ఒకే నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ఇంకో సంగతి. ఆసుపత్రి భవనం, అందులోని డాక్టర్లు, మత్తు ఇచ్చేవారు, ల్యాబు ఒకే కప్పు కింద ఉన్నా వేర్వేరు ఒప్పందాల మీద ఉండవచ్చు. మీ డాక్టర్ నెట్‌వర్క్‌లోనే ఉండి ఆయన ఆపరేషన్ చేసే ఆసుపత్రి బయటికి పోవచ్చు, అలాంటప్పుడు ఆయన నెట్‌వర్క్‌లో ఉన్న మరో ఆసుపత్రిలో కూడా ఆపరేషన్లు చేస్తారేమో అడగడం చాలామందికి తట్టని సులువైన దారి. ప్రయర్ ఆథరైజేషన్ (వైద్యానికి కంపెనీ ముందుగా ఇచ్చే అనుమతి) వచ్చినంత మాత్రాన ధైర్యపడకూడదు; వైద్యం అవసరమని కంపెనీ ఒప్పుకున్నట్టే తప్ప, ఆ ఆసుపత్రి ఆ రోజుకు నెట్‌వర్క్‌లో ఉంటుందని దాని అర్థం కాదు.

90 రోజుల రక్షణ, దాన్ని అడిగి తీసుకునే తీరు

ఒప్పందం తెగే సమయానికి మీ వైద్యం మధ్యలో ఉంటే, నో సర్‌ప్రైజెస్ చట్టం కొందరికి గరిష్ఠంగా 90 రోజుల పాటు పాత షరతులతోనే వైద్యం కొనసాగించుకునే హక్కు ఇస్తుంది. గర్భిణులు, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందుతున్నవారు, తీవ్రమైన లేదా క్లిష్టమైన వ్యాధికి చికిత్సలో ఉన్నవారు, తప్పనిసరి ఆపరేషన్‌కు ఇప్పటికే తేదీ ఖరారైనవారు, ప్రాణాంతక దశలో ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. ఆపరేషన్ తరువాత జరగవలసిన వైద్యం కూడా ఇందులో కలుస్తుంది. ఆ 90 రోజులూ ఆసుపత్రి పాత ధరనే పూర్తి చెల్లింపుగా స్వీకరించాలి, తేడా మీ దగ్గర అడగకూడదు. నాణ్యతా లోపం వల్లనో మోసం వల్లనో ఒప్పందాన్ని రద్దు చేసిన సందర్భాలకు మాత్రం ఇది వర్తించదు.

ఈ రక్షణ దానంతట అది రాదు, కావాలని మీరు కోరుకోవాలి. కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసి కంటిన్యుయిటీ ఆఫ్ కేర్ (వైద్యం కొనసాగింపు) ఫారం అడగండి. అందులో కొంత భాగం డాక్టర్ నింపవలసి ఉంటుంది కనుక డాక్టర్ కార్యాలయానికి అదే రోజు పంపండి. ఎక్కువ ఆలస్యం జరిగేది అక్కడే. ఫారంలో జబ్బు పేరు మాత్రమే కాక, ఇప్పుడు డాక్టర్ మారితే వైద్యానికి కలిగే హాని ఏమిటో డాక్టర్ చేత ఒకటి రెండు వాక్యాలు రాయించండి. అనుమతి ఉత్తరం వచ్చాక అందులో డాక్టర్ పేరుతో పాటు ఆసుపత్రి పేరు కూడా ఉందో లేదో చూసుకోండి. మాకు వచ్చిన మొదటి ఉత్తరంలో ప్రసవం చేసే డాక్టర్ పేరు ఉంది, ప్రసవం జరిగే ఆసుపత్రి పేరు లేదు.

ఇక కవరు సంగతి. 90 రోజుల లెక్క మొదలయ్యేది ఒప్పందం మార్పు గురించి మీకు తెలియజేసిన రోజు నుంచి; ఆ తేదీకి కవరు మీది తపాలా ముద్రే మీ చేతిలోని ఆధారం. మా లెక్క వేసి చూస్తే 40 వారాలు నిండే రోజు 84వ రోజు అయింది. ప్రసవం వారం ఆలస్యమైతే గడువు దాటిపోతుంది. అందుకని గడువు తరువాతి రోజులకు ఏం చేస్తారని కంపెనీని ముందే అడిగి, ఆ సంభాషణకు రిఫరెన్స్ నంబరు తీసుకున్నాము. పుట్టే బిడ్డ మరో రోగి కాబట్టి తల్లికి వచ్చిన అనుమతి బిడ్డకూ వర్తిస్తుందా అని విడిగా అడగాలి; బిడ్డను 30 రోజుల లోపల ప్లాన్‌లో చేర్చడం కూడా మరువకూడదు.

కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంకా ఉదారంగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో దీర్ఘకాలిక తీవ్ర వ్యాధులకు 12 నెలల వరకు, గర్భిణులకు ప్రసవం, ఆ వెంటనే ఉండే బాలింత కాలం ముగిసే దాకా కొనసాగింపు కోరవచ్చు. న్యూయార్క్‌లో ఆసుపత్రి ఒప్పందం ముగిసినా రెండు నెలలు పాత షరతులు నడవాలన్న నియమం ఉంది. అయితే రాష్ట్ర చట్టం మీ ప్లాన్‌కు వర్తిస్తుందా అన్నది మరో మెలిక. పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్య ఖర్చు తామే భరిస్తూ, ఇన్సూరెన్స్ కంపెనీని లావాదేవీల నిర్వహణకు మాత్రమే పెట్టుకుంటాయి. ఇలాంటి సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లు 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి, రాష్ట్ర ఇన్సూరెన్స్ నియమాలు వాటిని కట్టిపడేయలేవు. మీది ఏ రకమో హెచ్‌ఆర్‌ను ఒక్క వాక్యంలో ఈమెయిల్ చేసి అడగండి. సెల్ఫ్ ఫండెడ్ అని తేలితే నిరాశ పడనవసరం లేదు: ఖర్చు పెట్టేది యజమానే కనుక, ఒక ఉద్యోగి విషయంలో ప్రత్యేకంగా అనుమతించమని ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పగల స్థితిలో ఉన్నది కూడా ఆ యజమానే.

రక్షణ వర్తించనివారు ఊరుకోకుండా మరో రెండు దారులు ప్రయత్నించాలి. ఆ చికిత్స చేయగల నిపుణులు అందుబాటు దూరంలో నెట్‌వర్క్‌లో లేకపోతే, బయటి వైద్యానికీ నెట్‌వర్క్ లోపలి లెక్కే వేయమనే నెట్‌వర్క్ గ్యాప్ ఎక్సెప్షన్ కోరవచ్చు. లేదా మీ ఒక్కరి చికిత్స కోసం ఆసుపత్రి, కంపెనీ విడిగా ధర మాట్లాడుకునే సింగిల్ కేస్ అగ్రిమెంట్ అడగవచ్చు. రెండూ వైద్యం మొదలుకాక ముందు రాతలో ఉండాలి.

అత్యవసరమైతే

గుండె నొప్పి వచ్చినప్పుడు నెట్‌వర్క్ గురించి ఆలోచించకండి, దగ్గరున్న ఎమర్జెన్సీకి వెళ్లండి. నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం, ఒప్పందం ఉన్నా లేకపోయినా అత్యవసర వైద్యానికి నెట్‌వర్క్ లోపలి వాటానే తీసుకోవాలి, ముందస్తు అనుమతి అడగకూడదు. రోడ్డు మీద నడిచే అంబులెన్సుకు మాత్రం ఈ చట్టం వర్తించదు, విమాన అంబులెన్సుకు వర్తిస్తుంది. ప్రాణాపాయం తప్పి పరిస్థితి నిలకడకు వచ్చాక, ఆసుపత్రి వారు సర్‌ప్రైజ్ బిల్లింగ్ ప్రొటెక్షన్ ఫారం అనే కాగితం సంతకానికి ఇస్తే జాగ్రత్తపడాలి. దాని మీద సంతకం చేయడమంటే ఈ రక్షణను వదులుకోవడమే. సంతకం చేయనని, నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రికి మార్చే ఏర్పాటు చూడమని అడగవచ్చు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. నో సర్‌ప్రైజెస్ చట్టం వచ్చింది కదా, ఇక ఏ బిల్లూ రాదని కొందరు నిశ్చింతగా ఉంటున్నారు. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండి, అందులోని మత్తు డాక్టర్ నెట్‌వర్క్‌లో లేనప్పుడు అది కాపాడుతుంది. ఆసుపత్రే నెట్‌వర్క్ బయట ఉన్నప్పుడు, ముందుగా నిర్ణయించుకుని చేయించుకునే చికిత్సలకు ఆ రక్షణ ఉండదు.

ప్లాన్ మార్చుకోవడం

ఆసుపత్రి నెట్‌వర్క్ నుంచి పోయిందన్న కారణం మీద ఏడాది మధ్యలో ప్లాన్ మార్చుకునే అవకాశం సాధారణంగా ఉండదు. జీవిత భాగస్వామికి వేరే ఉద్యోగం, వేరే ప్లాన్ ఉంటే వారి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ప్లాన్ ఎంచుకునే గడువు) ఎప్పుడో ఇప్పుడే తెలుసుకోండి. 65 దాటిన తల్లిదండ్రులకు ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్ ఉంటే దానికి నెట్‌వర్క్ అనేదే లేదు కనుక ఈ తగవులు తాకవు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ అయితే తాకుతాయి; వారు అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు, మళ్లీ జనవరి 1 నుంచి మార్చి 31 వరకు ప్లాన్ మార్చుకోవచ్చు.

బిల్లు వచ్చాక

కంపెనీ ఎంత చెల్లించిందో, మీ వాటా ఎంతో చూపుతూ పంపే ఈఓబీ పత్రం చేతికి రాకముందు ఆసుపత్రి బిల్లు కట్టకండి. రెండూ పక్కపక్కన పెట్టి, చికిత్స జరిగిన తేదీ, ఆసుపత్రి పేరు, మీ వాటాగా చూపిన మొత్తం సరిపోలుతున్నాయో లేదో చూడండి. అనుమతి ఉన్నా నెట్‌వర్క్ బయటి లెక్క కట్టి ఉంటే అనుమతి ఉత్తరం జతపరిచి అప్పీలు చేయండి. తిరస్కరణ అందిన నాటి నుంచి అప్పీలుకు 180 రోజుల గడువు ఉంటుంది. అప్పీలు తేలే వరకు ఖాతాను వసూలు ఏజెన్సీకి పంపవద్దని ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి రాతపూర్వకంగా తెలపండి. అత్యవసర వైద్యానికి అదనంగా బిల్లు వేస్తే నో సర్‌ప్రైజెస్ హెల్ప్ డెస్కుకు, 1-800-985-3059 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ల సమస్యలకు లేబర్ డిపార్ట్‌మెంట్ వారి 1-866-444-3272 ఉంది. మిగతా ప్లాన్లకు రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖను ఆశ్రయించాలి.

కొత్త ఒప్పందం కుదిరిందని వార్త వస్తే, అది ఏ తేదీ నుంచి అమలవుతుందో కంపెనీని అడగండి. వెనుకటి తేదీ నుంచి అమలయ్యే పక్షంలో, మధ్యకాలంలో మీరు చేయించుకున్న వైద్యానికి సంబంధించిన క్లెయిములను తిరిగి లెక్కించమని క్లెయిము నంబర్లతో సహా రాసి పంపండి, ఎక్కువగా కట్టినది తిరిగి ఇవ్వమని ఆసుపత్రికి అదే ఉత్తరం నకలు జతచేయండి.