ఎండాకాలంలో గువ్వలచెరువు ఘాటు ఎక్కే చిన్న కార్ల వాళ్లకు

మే నెలలో కడప ఎండ 43 దాటడం మామూలే. ఆ ఎండలో ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా లగేజీ వేసి, ఏసీ ఫుల్లుగా పెట్టి రాయచోటి వైపు బయలుదేరేవాళ్లు ముందు బానెట్ కింద ఏ ఇంజిన్ ఉందో గుర్తు పెట్టుకోండి. కడప ఊళ్లో ఏడురోడ్ల దగ్గర అన్ని కార్లూ బాగానే పోతాయి, తేడా తెలిసేది ఘాటులోనే.

వేగనార్‌నే తీసుకోండి, బయటికి అంతా ఒకటే బండి. 1.0 లీటరు మూడు సిలిండర్లదైతే సుమారు 67 పీఎస్ (ఇంజిన్ బలం లెక్క), 1.2 నాలుగు సిలిండర్లదైతే 90 దాకా వస్తుంది. ఆ 1.0నే సీఎన్‌జీ మీద నడిపితే 57కి పడిపోతుంది, పైగా డిక్కీలో గ్యాస్ సిలిండర్ బరువొకటి, ఏసీ లాక్కునేది ఇంకొంత. అందుకే గ్యాస్ బండి వాళ్లు ఎక్కుడు మొదలవకముందే పెట్రోలుకు మార్చుకోండి. పాత 1.3 డీజిల్ స్విఫ్ట్ వాళ్లకు పికప్ టెన్షన్ లేదు, హోసు పైపులు మాత్రం ఓసారి చూపించుకోండి.

1.0 వాళ్లు మూడో గేరులో ఆక్సిలరేటర్ తొక్కిపట్టి కూర్చోవద్దు, బండి లాగట్లేదనిపించగానే రెండో గేరుకు రండి, సౌండు పెరిగినా ఇంజిన్‌కు అదే సుఖం. లారీ వెనక ఇరుక్కుంటే హాఫ్ క్లచ్ మీద నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేక్ వేయండి. క్లచ్ పెడల్ లేని ఏఎంటీ (గేర్లు తనే మార్చుకునే) బండ్లకూ ఇది వర్తిస్తుంది, లోపల ఉండేది అదే క్లచ్ ప్లేటు.

అన్నిటికన్నా ముఖ్యం ఇంజిన్‌ను చల్లగా ఉంచే కూలెంట్. నీళ్లు పోస్తే చాలదా అంటారు కొందరు. మన బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లగా పట్టే పొరే రేడియేటర్ లోపలా పడుతుంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీది రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. పోసిన కొద్ది రోజులకే మళ్లీ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, క్లిప్పుల దగ్గర ఎండిన రంగు మరక కనిపిస్తుంది. బయలుదేరే ముందు ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా వినండి.

చాలా చిన్న కార్లలో వేడి చూపించే ముల్లు ఉండదు, ఎర్ర లైటు ఒక్కటే వెలుగుతుంది, అప్పటికే ఆలస్యం. వెంటనే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లు పెట్టి (ఆ ఎండలో నరకమే, కానీ ఇంజిన్ వేడి కొంత లాగేస్తుంది) పక్కకు తీసి ఆపేయండి. రేడియేటర్ మూత జోలికి పోవద్దు, వేడి మీద తీస్తే ఆవిరి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. పూర్తిగా చల్లారాకే చూడండి.

పైన గువ్వలచెరువులో పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు కదా, టర్బో బండి అయితే ఓ నిమిషం ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఆపండి.

తిరిగొచ్చేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మానేయండి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి కాలు తీస్తే పెట్రోలు ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే తాగుతాయి. పైగా భారమంతా బ్రేకుల మీద పడి, వేడెక్కి, మలుపులో పట్టకుండా పోతాయి.