చేతిలో నెట్ ఉన్నా ఎదురెదురు మాటలు నిలబెట్టుకోవడం ఎలా

ఇంటర్నెట్ అందరికీ అందాక మనుషుల మధ్య మాటలు తగ్గాయని తరచూ వింటుంటాం. నాకు మాత్రం, మాట మొదలవడానికి ఉండే సాకులే తగ్గిపోయాయనిపిస్తుంది. దారి, బస్సు టైమ్, తెలియని పదానికి అర్థం, మ్యాచ్ ఎవరు గెలిచారన్న సంగతి, ఇవన్నీ ఒకప్పుడు పక్కనున్న మనిషినే అడిగేవాళ్లం. జవాబు అర నిమిషంలో అయిపోయేది, ఆ తర్వాత కబుర్లు పది నిమిషాలు సాగేవి. ఇప్పుడు జవాబు ఫోనే చెబుతుంది కాబట్టి ఆ పది నిమిషాలూ పోయాయి. ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ అంచనా ప్రకారం 2005లో ప్రపంచంలో నూటికి 16 మంది ఇంటర్నెట్ వాడేవారు, 2024 నాటికి దాదాపు 70 మంది వాడుతున్నారు. ఇంత మారాక ఇంట్లో ఫోన్లు దాచిపెట్టి సాధించేది పెద్దగా ఉండదు. పోయిన సాకులను మనమే మళ్లీ కల్పించుకోవాలి.

ముందు కొన్ని ప్రశ్నలను మనుషుల కోసం అట్టిపెట్టండి. ఇంట్లో ఎవరికైనా తెలిసే అవకాశమున్న విషయాన్ని మొదట వాళ్లనే అడగాలని మేం అనుకున్నాం. మా పాపకు లెక్కల్లో సందేహం వస్తే వీడియోలో జవాబు తొందరగా దొరుకుతుంది, నిజమే. కానీ మా మామయ్యగారి దగ్గరికి వెళితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. "ఇక్కడిదాకా ఎలా వచ్చావో చెప్పు తల్లీ" అంటారు. అది చెప్పబోతుంటే, రెండు పాఠాల వెనక భిన్నాల దగ్గరే పాప తడబడిందని బయటపడుతుంది. అడగని ప్రశ్నకు కూడా అలా జవాబు దొరుకుతుంది.

ఊరు వెళ్లొచ్చినవాళ్లను "ఎలా జరిగింది?" అని అడగడం కూడా మానేశాం, ఫొటోలు ముందే చూసేశాం కదా. అలాంటప్పుడు ఫొటోలో లేనిది అడగండి. "ఫొటోలు చూశాను వదినా, అన్ని మెట్లు ఎక్కారు కదా, మోకాళ్లు నొప్పి పెట్టలేదా?" అంటే చాలు, ఆవిడే మిగతాదంతా చెబుతుంది.

ఏది మెసేజ్‌లో పంపాలి, ఏది కలిసి చెప్పాలి అన్నది కూడా తేల్చుకోవాలి. టైమ్, అడ్రస్, తేవాల్సిన సామాను మెసేజ్‌లోనే మేలు, మరిచిపోకుండా ఉంటాం. నిష్ఠూరాలు, క్షమాపణలు, డబ్బు విషయాలు మాత్రం ఎదురుగా కూర్చునే మాట్లాడుకోవాలి. ఉత్త "సరే" అని మెసేజ్ వస్తే అది ఒప్పుకోవడమో, కోపమో ఎవరికి తెలుస్తుంది? రాతలో వేడి పెరుగుతోందని అనిపించగానే ఆపేయండి. అలాగని "నీతో మాట్లాడాలి" అని మాత్రం పంపి వదిలేయకండి, అవతలివాళ్లకు సాయంత్రం దాకా టెన్షన్. "అద్దె లెక్క గురించి ఏడు గంటలకు కూర్చుందాం, కంగారేం లేదు" అని విషయం, వేళ రెండూ రాయండి.

అన్నిటికంటే నేను గట్టిగా పట్టుబట్టేది, తల ఎత్తి మాట్లాడటం. మామయ్యగారికి వినికిడి తగ్గింది. మెషిన్ పెట్టుకున్నా సగం మాటలు పెదవుల కదలిక చూసే పోల్చుకుంటారు. ఎవరైనా ఫోన్‌లోకి చూస్తూ జవాబిస్తే ఆయన "ఆఁ ఆఁ" అని నవ్వుతారు. ఆ నవ్వుకు అర్థం వినపడలేదని. అందుకే మా ఇంట్లో ముందు ఫోన్ బోర్లా పెడతాం, ఆయన మన వైపు చూసేదాకా ఆగుతాం, ఆ తర్వాతే మాట. కిటికీకి వీపు పెట్టి నిలబడం, మొహం చీకటిగా కనిపిస్తుంది కాబట్టి. మధ్యలో ఫోన్ చూడక తప్పకపోతే "ఆఫీసు మెసేజ్, రెండు నిమిషాలు" అని కారణం చెప్పి చూస్తాం.

బాగా వినపడేవాళ్లకూ ఇది అవసరమే. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున 0.2 సెకన్లే. అంటే అవతలివాళ్లు ముగించకముందే గొంతు తీరును బట్టి, మొహాన్ని బట్టి మన జవాబు సిద్ధమవుతుంటుంది. కళ్లు తెర మీద ఉంటే ఆ అందిపుచ్చుకోవడం దెబ్బతింటుంది.

వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగిపోవడానికీ ఈ విరామం తారుమారవడమే కారణం. మాట అవతలికి చేరడానికి 0.15 సెకన్లు మించకపోతే మంచిదని టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం. సిగ్నల్ బాగాలేకపోతే అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి ఒక మాట అయ్యాక కాస్త ఆగండి, పేరు పెట్టి పిలిచి అడగండి. కాల్ పెట్టేసేలోపు మళ్లీ ఎప్పుడు కలవాలో కూడా ఖాయం చేసుకోండి.

నెట్ మనుషులను దగ్గర చేయలేదని కాదు. 1990ల చివర్లో టొరాంటో శివారులోని ఒక కొత్త కాలనీని కీత్ హాంప్టన్, బ్యారీ వెల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు పరిశీలించారు. నెట్ ఉన్న ఇళ్లవాళ్లకు, లేనివాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్ల మంది ఇరుగుపొరుగు తెలుసు. మీ అపార్ట్‌మెంట్ గ్రూపునూ అలా వాడుకోవచ్చు. ఫార్వర్డ్‌ల మధ్యలో "ఆదివారం ఆరింటికి కింద కూర్చుందాం, పిల్లల్నీ తీసుకురండి" అని ఒక్కటి పెట్టి చూడండి. మొదటిసారి ముగ్గురే వస్తే ఆ ముగ్గురితోనే కూర్చోండి.

ఒక్క జాగ్రత్త. నత్తి ఉన్నవాళ్లకు, బాగా మొహమాటపడేవాళ్లకు రాసి పంపడమే తేలిక. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడమని ఒత్తిడి చేయొద్దు. వాళ్లు రాసింది శ్రద్ధగా చదివి పెట్టుకోండి. కలిసినప్పుడు "నువ్వు రాసింది చదివాను" అంటూ మీరే మొదలుపెడితే, మొదటి మాట వెతుక్కునే భారం వాళ్ల మీద పడదు.