బాంబు చేప, మందు చేప: కోసి చూసి పోల్చుకోవడం ఎలా

కొందరు నీళ్లలో నాటుబాంబు పేల్చో, విషపు మందు పోసో చేపలు పడతారు. అలా చచ్చినవే బాంబు చేప, మందు చేప. పగడపు దిబ్బ మీద నాటుబాంబు పడితే ఆ దెబ్బ ఏళ్ల తరబడి కనబడుతుంది. కొమ్మ పగడం విరిగి రాతిముక్కల కుప్పవుతుంది. ఆ ముక్కలు అలలకు దొర్లుతూనే ఉంటాయి, అందుకే కొత్త పగడపు పిల్ల అతుక్కోవడానికి కదలని చోటు దొరకదు. కొమ్మ పగడాల్లో జోరుగా పెరిగే రకాలు ఏడాదికి 10 సెం.మీ. దాకా సాగుతాయి గానీ, గుండు పగడం 1 సెం.మీ. పెరిగితే గొప్ప. అండమాన్‌లోనో మన్నార్ గల్ఫ్‌లోనో నీళ్లలో మునిగి చూస్తే సాక్ష్యం కళ్లముందే ఉంటుంది.

గోదావరి మొగల దగ్గర పగడాలు ఉండవు. తీపినీరు, ఒండ్రు వాటికి పడవు. ఇక్కడ పాయలో బాంబు వేసినా, కాలువలో మందు పోసినా, పోటూ పాటూ తిరిగేసరికి బురద అంతా కప్పేస్తుంది. మిగిలేది చేప ఒళ్లు ఒక్కటే. అదీ కొన్ని గంటలే.

బాంబు చేప

ముందు బయట చూడండి. మొప్పల వలలో చిక్కిన చేపకు మొప్పల వెనక చుట్టూ నొక్కు ఉంటుంది, అక్కడ పొలుసు రాలి ఉంటుంది. గాలానికి పడితే నోట్లో గాయం. బాంబు చేప పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, వల గుర్తు ఎక్కడా ఉండదు. కానీ విసురు వల చేపకు కూడా పెద్దగా గుర్తులుండవు. కాబట్టి పై చూపుతో ఎవరినీ తప్పుపట్టకండి, కోసి చూడండి.

మొప్ప ఎర్రగా, కన్ను తేటగా ఉన్న చేపనే కోయాలి. మెత్తబడిన చేపలో పొట్ట దానంతటదే కరిగి, పక్కటెముకలు కండను వదిలేస్తాయి. అది కుళ్లు, బాంబు కాదు. వెనక రంధ్రం నుంచి గొంతు దాకా కత్తి మొనను పైపైనే నడిపి పొట్ట తెరవండి. లోతుగా దిగితే మీ కత్తే గాలితిత్తిని (చేప నీళ్లలో తేలడానికి పొట్టలో ఉండే గాలి సంచిని) చీల్చేస్తుంది, ఇక పరీక్ష దండగ.

లోపల చూడవలసినవి మూడు. గాలితిత్తి చిరిగి పేలికలై ఉందా? వెన్నుముల్లు కింద ఉండే నల్లటి నెత్తురు పట్టీ చెదిరి పొట్ట నిండా నెత్తురు చేరిందా? చర్మం చెక్కుచెదరకుండానే లోపల ముల్లు విరిగిందా, పక్కటెముకలు ఊడాయా? ఒక్క చేపతో తేల్చకండి. అదే కుప్పలోంచి 5 తీసి కోయండి. వాటిలో ఎక్కువ చేపలకు రెండేసి గుర్తులు కలిస్తే అనుమానం గట్టిదే. సంతలో చేపలు కోసే ఆడవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, పొట్ట తెరవగానే తెలిసిపోతుంది. ముందు వాళ్లనడగండి.

ఒక చిక్కుంది. లోతు నీటి నుంచి గాలంతో గబగబా లాగిన చేపకు కూడా గాలితిత్తి పగులుతుంది, కళ్లు ఉబుకుతాయి. సముద్రపు చేప అయితే ఎంత లోతులో పడిందో అడగాలి. నాలుగు బారల నీళ్లు కూడా లేని ఉప్పుటేటి చేపకు ఆ సాకు చెల్లదు.

గాలితిత్తి లేని పీతలు, సొరలు పేలుడును చాలావరకు తట్టుకుంటాయి. తిత్తి చిరిగిన చేపల్లో చాలా మటుకు తేలవు, అడుగుకు పోతాయి. వేసినవాడికి దొరికేది చచ్చినదాంట్లో కొంతే.

చచ్చి తేలిన చేపలు: మందా, ఊపిరాడకా?

డెల్టాలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. కాలువలో చేప తేలగానే ఎవరో మందు పోశారంటారు. చాలాసార్లు అది ప్రాణవాయువు చాలక జరిగిన చావే.

ఊపిరాడని చావు తెల్లవారుజామున వస్తుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి ఎండెక్కేలోపే నీళ్లలో అది అడుగంటుతుంది. ముందు పెద్ద చేపలు పోతాయి, చిన్నవి ఒడ్డు పక్కన పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. గాలి పీల్చగల కొరమేను, మార్పు చేపలు బతికే ఉంటాయి.

మందుకు వేళ లేదు. పిల్లా పెద్దా ఒకేసారి పోతాయి, కొరమేను కూడా. చావకముందు చేప గిరగిరా తిరుగుతుంది, ఒడ్డుకు ఎగిరిపడుతుంది.

ఇక ఏ మందో రొయ్యను, పీతను చూసి ఊహించవచ్చు. అవి ముందు చచ్చి చేపలు ఆలస్యంగా చస్తే పురుగుమందు వైపు చూడండి, ముఖ్యంగా పైరెత్రాయిడ్లు రొయ్య జాతికి మహా విషం. చేపలన్నీ చచ్చి రొయ్యలు హాయిగా తిరుగుతుంటే టీ సీడ్ కేక్ (తేయాకు జాతి గింజల చెక్క) కావచ్చు. రొయ్యల చెరువుల్లో అడవి చేపను చంపడానికి వాడేది అదే, అందులోని సపోనిన్ అనే విషాన్ని రొయ్య తట్టుకుంటుంది. దగ్గర్లో ఎవరైనా చెరువు నీళ్లు మురుగు కాలువలోకి వదిలారేమో కనుక్కోండి.

ఎలా చచ్చిందో తెలియని చేపను కొనకండి, కోళ్లకు కూడా వేయకండి. వండితే మందు పోతుందన్నది ఉత్తమాట.

నమూనా, ఫిర్యాదు

పేలుడుతో, విషంతో చేపలు చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టం కిందనే నేరం. అయినా చేతిలో నమూనా లేకపోతే కేసు నిలబడదు.

నీళ్లు మూడు చోట్ల పట్టండి: చేపలు చచ్చిన చోట, దానికి ఎగువన, దిగువన. ఉప్పుటేరులో పోటుకు నీరు వెనక్కి నడుస్తుంది కాబట్టి అప్పుడు పోటో పాటో కూడా రాసుకోవాలి. 1 లీటరు గాజు సీసా తీసుకుని, అదే నీటితో కడిగి, గాలి మిగలకుండా అంచుదాకా నింపి, మూత కింద అల్యూమినియం రేకు పెట్టి బిగించండి. ప్లాస్టిక్ సీసా వద్దు, కొన్ని మందులు దాని గోడలకే అంటుకుపోతాయి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు గ్లవ్స్ వేసుకోండి.

చేపల్లో కొన ఊపిరితో ఉన్నవి మేలు. ఉబ్బినవి పనికిరావు. విడివిడిగా రేకులో చుట్టి, నీటి సీసాలతో పాటు ఐసు పెట్టెలో పెట్టండి. కోసిన చేప అయితే పొట్ట తెరిచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి.

గ్రామ మత్స్య సహాయకుడికి ఆ రోజే అప్పగించి, సంతకం చేయించుకోండి. పేలుడు సంగతైతే ముందు 112కి ఫోన్ చేయండి. పేలకుండా మిగిలినది కనబడితే ముట్టుకోవద్దు. సీసా మీద తేదీ, వేళ, చోటుతో పాటు ఆ వారం చుట్టుపక్కల చేలల్లో, చెరువుల్లో ఏ మందు వాడారో కూడా రాయండి. ల్యాబువాళ్లు ఏదో ఒక మందు పేరు పట్టుకునే వెతుకుతారు, పేరు లేకపోతే ఏమీ దొరకలేదని కాగితం వస్తుంది.