ఎండతో నీళ్ల శుద్ధి – 4వ పాఠం: 90 శాతంలో వెలుగు వాటా ఎంత?

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను, ఎండ తగిలే గోడ మీది పాత తెల్ల పెయింటుకి అరచెయ్యి రాయమని. పర్లాకిమిడిలో మా వీధి గోడకి నేనూ రాశాను. ముగ్గుపిండిలా అంటుకుంది. తెలుపు కోసం పెయింటులో వేసే టైటానియం డయాక్సైడు ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని తాగి, తనని పట్టి ఉంచిన జిగురునే కొరుకుతుంది. గోడ అలా పొడిబారడానికి అదొక కారణం. ఆ కొరుకుడే నీళ్లలోని యాంటీబయాటిక్ మీదికి మళ్లించాలి, మన పాఠాలన్నీ దాని కోసమే. పరిశోధన పేపర్లలో "90 శాతం తొలగింపు" అని కనబడితే అందులో వెలుగు చేసిన పనెంతో ఈ పాఠంలో చూద్దాం.

ఇలా వెలుగు తాగి పనిచేసే పొడుల్లో ఏది ఏ వెలుగు తాగుతుందో తెలియాలంటే 1240ని దాని బ్యాండ్ గ్యాప్‌తో (పొడిలోని ఎలక్ట్రాన్‌ని లేపడానికి కావలసిన కనీస శక్తి) భాగించండి. వచ్చే తరంగం పొడవు, అంతకంటే పొట్టివి మాత్రమే ఆ పొడి తాగగలదు. అనటేజ్ రకం టైటానియం డయాక్సైడుకి 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 387 నానోమీటర్లు. మన ఎండలో అంత పొట్టి తరంగాలు 5 శాతం కూడా ఉండవు. అందుకే పరిశోధకుల చూపు కార్బన్ నైట్రైడు (2.7), బిస్మత్ వెనడేటు (2.4) వైపు తిరిగింది. రెండూ పసుపు పొడులే. పసుపుగా కనబడుతోందంటేనే నీలం వెలుగుని తాగేస్తోందని అర్థం. ఇప్పుడు రెండు పొడుల్ని జతకట్టే పద్ధతి నడుస్తోంది. దాని సంగతి 6వ పాఠంలో.

ఇక పేపర్లలో వేసే గ్రాఫు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నీళ్లలో లీటరుకి 10 మిల్లీగ్రాములతో మొదలైందనుకుందాం. పొడి వేసి చీకట్లో అరగంట కలిపితే 6కి దిగింది. దీపం వేసి గంట ఉంచితే 1 మిగిలింది. పైన పెద్దక్షరాల్లో "90 శాతం తొలగింపు" అని రాస్తారు. కానీ మొదటి 4 మిల్లీగ్రాములూ పొడికి అతుక్కున్నాయంతే, విరగలేదు. వెలుగు పని 6 నుంచి 1 వరకే. వెలుగు మొదలైనప్పటి 6ని చివర మిగిలిన 1తో భాగిస్తే 6. కాలిక్యులేటర్‌లో దానికి సహజ లాగరిథమ్ (ln) తీస్తే 1.79, దాన్ని 60 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 0.030. ఇదే వేగం. పొడుల్ని పోల్చాలంటే ఈ అంకె చూడండి, శాతం కాదు.

తర్వాత, నీళ్లు ఎక్కడివని అడగండి. చాలా పేపర్లలో వాడేది డిస్టిల్డ్ వాటర్. వానాకాలం మా మహేంద్రతనయ నది నీళ్లు గ్లాసులో పట్టి చూడండి, అవతలి వేలు కనబడదు. ఆ బురద వెలుగుని ఆపేస్తుంది. కరిగి ఉన్న బైకార్బనేట్లు, ఆకు కుళ్లిన రసాలు హైడ్రాక్సిల్ రాడికళ్లని (వెలుగు తాగిన పొడి నీళ్లలో పుట్టించే, మందుని కొరికే కణాలు) మందు కంటే ముందే మింగేస్తాయి. నీళ్లలో మందు ఎంతుందో కూడా చూడాలి. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో వచ్చిన అధ్యయనం. 10 మిల్లీగ్రాముల ప్రయోగం అలాంటి చోటికి సరిపోతుంది. మామూలు ఏరులో మందు అందులో వెయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు.

ఇంకొక్కటి. మందు మాయమైందంటే బొగ్గుపులుసు వాయువుగా మారిపోయిందని కాదు, ముక్కలైందేమో! మొత్తం సేంద్రియ కర్బనం (మందులోనూ దాని ముక్కల్లోనూ ఇంకా నీళ్లలో మిగిలిన కర్బనం) కొలిచారా అన్నది వెతకండి. అది లేని పేపరుని నేను సగమే నమ్ముతాను.

ఇంటిపని: మరో పొడితో 20 మిల్లీగ్రాములు చీకట్లో 8కి, వెలుగులో 40 నిమిషాలకి 2కి దిగాయి. ఇదీ 90 శాతమే. వేగం లెక్కకట్టి పై పొడితో పోల్చండి. ఏది మెరుగో చెప్పే ముందు, రెండు చోట్లా దీపం, పొడి మోతాదు ఒకటేనా అని నన్నడగాలి మీరు.