గుడ్ ఫ్రైడే ఏడు మాటల్లో ఒకటి మీకిస్తే

మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు, మధ్యలో పాటలు, ప్రార్థనలు. మీ వంతుకు పావుగంట దక్కితే గొప్పే. ఒప్పుకున్నాక ఇవి చూసుకోండి.

• మీకిచ్చింది ఎన్నో మాటో పాస్టర్‌గారిని అడిగి ఖాయం చేసుకోండి.

• ఆ మాట ఏ సువార్తలో ఉందో చూడండి. ఒకటి, రెండు, ఏడు లూకాలోనే ఉన్నాయి. మూడు, ఐదు, ఆరు యోహానులోనే. నాలుగోది మాత్రం మత్తయి 27:46లోనూ, మార్కు 15:34లోనూ కనిపిస్తుంది. అది 22వ కీర్తన మొదటి వచనం. వేదనతో మొదలయ్యే ఆ కీర్తన స్తుతిలోకి తిరుగుతుంది కాబట్టి చివరిదాకా చదవకుండా ప్రసంగం రాయొద్దు.

• పక్కవాళ్ల మాట జోలికి వెళ్లకండి. మూడో మాట చెప్పేవారే ‘సమాప్తమైనది’ దాకా లాగేస్తే ఆరో ఆయనకు ఏం మిగులుతుంది? ఏటా ఉండే గొడవే ఇది.

• పునరుత్థానాన్ని ఆదివారానికి వదిలేయండి. శుక్రవారమే సమాధి ఖాళీ చేసేయాలని కొందరికి మహా తొందర.

• యేసును సిలువ వేసిన నేరాన్ని యూదులందరి మీదా మోపే వాక్యం రాసుంటే కొట్టేయండి. యేసు, మరియ, శిష్యులు కూడా యూదులే.

• కొరడా దెబ్బల వర్ణన పెంచకండి. సువార్తలు దాన్ని ఒక్క వాక్యంలో ముగించాయి. ముందు వరుసలో పిల్లలుంటారు.

• ఎండాకాలం, పైగా చాలామంది ఉపవాసంతో ఉంటారు. వాచీ ఎదురుగా పెట్టుకోండి. నీళ్లు ముందే తాగేయండి, ముఖ్యంగా ‘దప్పిగొనుచున్నాను’ మీదైతే.